అప్‌డేట్: ఆ 58 సీసీ చైన్ సా పక్కన పెట్టేశాను

మామిడి తోటలో ఎండుకొమ్మలు కోయడానికి 7 వేల డూప్లికేట్ మిషన్ కొనాలా, దానికి మూడింతలు పెట్టి కంపెనీది కొనాలా అని రెండు నెలల కిందట అడిగాను కదా. ముందు చవకదే కొన్నాను.

మొదటి వారం బాగానే కోసింది, అందులో సందేహం లేదు. తర్వాత బార్ (చైన్ తిరిగే పొడవాటి రేకు) దగ్గర పొగ మొదలైంది. చైన్‌కు నూనె అందుతోందో లేదో చూద్దామని, మీలో ఒకరు చెప్పినట్టు తెల్ల కాగితం పైన బార్ కొన పట్టి రేజ్ చేశాను. కాగితం మీద సన్నటి నూనె గీత పడాలి, ఒక్క చుక్క కూడా పడలేదు. మెకానిక్ విప్పితే ఆయిల్ పంపును తిప్పే ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిపోయి ఉంది. అది మార్పించుకునేవాడినే. కానీ చైన్‌ను ఆపే బ్రేక్ చూశాక గుండె ఆగినంత పనైంది. చేతికి ముందుండే గార్డును నెట్టినా చైన్ వెంటనే ఆగలేదు! దాంతో పని చేసేది మా తమ్ముడు. ఆ రోజే పక్కన పెట్టేశాను.

ఇప్పుడు స్టిల్ కంపెనీ చైన్ సా, ఎంఎస్ 180 తీసుకున్నాను. 32 సీసీ లోపే, అయినా మా కొమ్మలకు సరిపోతోంది. బరువు తక్కువ, గార్డు నెట్టగానే చైన్ ఠక్కున ఆగుతుంది. డూప్లికేట్ మీద అంటించిన కంపెనీ స్టిక్కర్ చూసి మోసపోకుండా డీలర్ దగ్గరే బిల్లుతో కొన్నాను.

పెట్రోల్ గురించి అడిగినవాళ్లకు: దీనికి లీటరుకు 20 మి.లీ. కంపెనీ టూ స్ట్రోక్ ఆయిల్. పాతదానికి 40 కలపమని రాసి ఉండేది.