ట్రైకోడెర్మా సెల్యులేజ్: డయాలిసిస్ అయ్యేసరికి యాక్టివిటీ మూడో వంతే మిగులుతోంది

కల్చర్‌ట్యూబ్:
సెల్యులేజ్ (సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమ్) కోసం బూజు పెంచుతున్నాం, స్ట్రెయిన్ ట్రైకోడెర్మా రీసై రట్-సీ30. 5 లీటర్ల ఫెర్మెంటర్‌లో 3 లీటర్ల మాండెల్స్ మీడియం, లీటరుకి 30 గ్రాముల మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, 10 గ్రాముల లాక్టోజ్. 28 డిగ్రీలు, 10 శాతం ఇనాక్యులమ్ (ముందే పెంచి పోసే విత్తన కల్చర్). పీహెచ్ 4.8 దగ్గర మొదలుపెట్టాం, తర్వాత కంట్రోల్ లేదు. 5వ రోజు మి.లీ.కి 2.1 ఎఫ్‌పీయూ (ఫిల్టర్ పేపర్ యూనిట్, సెల్యులేజ్ యాక్టివిటీ కొలమానం), 6వ రోజుకి 1.4. బ్రాత్‌ను (బూజు పెరిగిన ద్రవాన్ని) వాట్‌మన్ నంబర్ 1 పేపర్‌తో వడకట్టి, 80 శాతం అమ్మోనియం సల్ఫేట్‌తో అవక్షేపించి, లవణం పోవడానికి సెల్యులోజ్ బ్యాగులో రాత్రంతా డయాలిసిస్ చేస్తే మొత్తం ఎఫ్‌పీయూలో 35 శాతమే చేతికొస్తోంది. బ్రాడ్‌ఫోర్డ్ పరీక్షలో (రంగుతో ప్రోటీన్ కొలిచేది) ప్రోటీన్ మాత్రం అంతగా తగ్గడం లేదు. ఒక బ్యాచ్‌లో తెల్లారేసరికి బ్యాగుకి చిల్లు పడి ఉంది. నష్టం ఎక్కడ జరుగుతున్నట్టు?

మెంబ్రేన్‌పక్షం:
ఆ చిల్లే సగం జవాబు చెబుతోంది. మామూలు డయాలిసిస్ బ్యాగు రీజనరేటెడ్ సెల్యులోజ్. మీరు అందులో పోస్తున్నది సెల్యులేజ్. ఎంజైమ్ గోడకు అంటుకుంటుంది, గోడను తింటుంది. ఈ జాతి మొదట దొరికిందే రెండో ప్రపంచ యుద్ధకాలంలో, సొలొమన్ దీవుల్లో అమెరికా సైన్యానికి చెందిన నూలుబట్టను తినేస్తుండగా. వడకట్టే పేపరూ సెల్యులోజే కాబట్టి అక్కడా కొంత ఎంజైమ్ పట్టుబడిపోతుంది.

మార్చాల్సింది ఇది: బ్రాత్‌ను 4 డిగ్రీల దగ్గర 10,000 జీతో 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. పైతేటను గ్లాస్ ఫైబర్ ఫిల్టర్, ఆ తర్వాత 0.45 మైక్రాన్ల పాలీఈథర్ సల్ఫోన్ ఫిల్టర్ గుండా పంపండి. పెద్ద స్థాయిలో రోటరీ డ్రమ్ ఫిల్టర్ వాడేవాళ్లు ఫిల్టర్ ఎయిడ్‌గా డయాటమేషియస్ ఎర్త్ తీసుకోవాలి, సెల్యులోజ్ రకం వద్దు.

అమ్మోనియం సల్ఫేట్‌ను పూర్తిగా వదిలేయవచ్చు. 10 కిలోడాల్టన్ల (అంతకన్నా బరువైన అణువులను ఆపే) పాలీఈథర్ సల్ఫోన్ మెంబ్రేన్‌తో అల్ట్రాఫిల్ట్రేషన్ చేసి పది రెట్లు చిక్కబరచండి. తర్వాత 50 మిల్లీమోలార్ సిట్రేట్ బఫర్‌తో (పీహెచ్ 4.8) డయాఫిల్ట్రేషన్, అంటే అదే మెంబ్రేన్ మీద బఫర్ పోస్తూ కడగడం. ఘనపరిమాణం మారకుండా 5 రెట్ల బఫర్ పోస్తే లవణాలు, చక్కెరలు 99 శాతం పైగా బయటికి పోతాయి. తొందరపడి 30 కిలోడాల్టన్ల మెంబ్రేన్ పెట్టకండి. 25 కిలోడాల్టన్ల లోపు ఎండోగ్లూకనేజ్‌లు (సెల్యులేజ్‌లోని చిన్న ఎంజైమ్‌లు) దాన్ని దాటిపోతాయి. మొదటిసారి పర్మియేట్‌లోనూ (మెంబ్రేన్ దాటిపోయిన ద్రవంలోనూ) యాక్టివిటీ చూడండి. యాంటీఫోమ్ ఎక్కువ పోసిన బ్యాచ్‌లో మెంబ్రేన్ త్వరగా మూసుకుపోతుంది, నురుగు కనిపించినప్పుడు చుక్కలుగానే వేయండి.

అవక్షేపమే కావాలంటే, 80 శాతానికి అమ్మోనియం సల్ఫేట్ లీటరుకి 25 డిగ్రీల దగ్గర 561 గ్రాములు, 0 డిగ్రీల దగ్గర 516. ఐస్‌లో పెట్టి 25 డిగ్రీల లెక్క వేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. పొడిని కొద్దికొద్దిగా, నురుగు రాకుండా కలపాలి. నురుగులో ప్రోటీన్ పాడవుతుంది.

బ్రాత్‌లెక్క:
పై సలహా సరైనదే, కానీ నష్టం ఫెర్మెంటర్‌లోనే మొదలైంది. 30 గ్రాముల సెల్యులోజ్‌కి 2.1 ఎఫ్‌పీయూ అంటేనే తక్కువ.

బూజు అమ్మోనియం అయాన్లను వాడుకున్నప్పుడు హైడ్రోజన్ అయాన్లు మీడియంలోకి వస్తాయి, పీహెచ్ దిగుతుంది. 3 కిందికి పోతే ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆహారం అయిపోయాక మైసీలియం తనను తాను కరిగించుకుంటే పీహెచ్ పైకి పోతుంది, ప్రోటియేజ్‌లు బయటపడతాయి. 6వ రోజు పతనం ఈ రెండింటిలో ఏదో మీ పీహెచ్ రికార్డు చూస్తే తెలుస్తుంది. 10 శాతం అమ్మోనియా ద్రావణంతో 4.8 దగ్గర పట్టి ఉంచండి, నైట్రోజన్ కూడా అందుతుంది. కరిగిన ఆక్సిజన్ 20 శాతం కిందికి దిగనివ్వకండి. అందుకోసం ముందు గాలి పెంచండి, కలియబెట్టే వేగం తర్వాత. వేగం మితిమీరితే హైఫాలు (బూజు పోగులు) తెగుతాయి.

ఇంకోటి: తినకుండా మిగిలిన సెల్యులోజ్‌కి ఎంజైమ్ అంటుకునే ఉంటుంది. ముందే హార్వెస్ట్ చేస్తే అది సెంట్రిఫ్యూజ్ అడుగున చేరే మడ్డితోపాటు చెత్తలోకి పోతుంది. సూక్ష్మదర్శినిలో సెల్యులోజ్ రేణువులు దాదాపు కనబడకుండా పోయాక, అమ్మోనియా వాడకం ఆగిపోతున్న సమయంలో తీయండి. పీహెచ్ ఎక్కడం మొదలైతే ఆగకండి.

డీఎన్ఎస్540:
ఆ 35 శాతంలో కొంత కొలతలోని తప్పు కూడా కావచ్చు. ఎఫ్‌పీయూలో విడుదలైన చక్కెరను డీఎన్ఎస్ అనే రసాయనం ఇచ్చే రంగుతో కొలుస్తాం. లాక్టోజ్ రెడ్యూసింగ్ చక్కెర, అదీ డీఎన్ఎస్‌లో రంగు ఇస్తుంది. బ్రాత్‌కు ఎంజైమ్ బ్లాంక్ (ఫిల్టర్ పేపర్ లేకుండా వచ్చే రంగు) తీసేయకపోతే మొదటి అంకె ఉబ్బుతుంది. శుద్ధి చేశాక లాక్టోజ్ పోతుంది కాబట్టి నష్టం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

ఎఫ్‌పీయూ సరళరేఖలో నడవదు. 50 మి.గ్రా. ఫిల్టర్ పేపర్, 1 మి.లీ. బఫర్, 0.5 మి.లీ. ఎంజైమ్, 50 డిగ్రీలు, 60 నిమిషాలు. సరిగ్గా 2 మి.గ్రా. గ్లూకోజ్ ఇచ్చే డైల్యూషన్ కావాలి. దానికి కాస్త పైన ఒకటి, కాస్త కింద ఒకటి చేసి మధ్యలో లెక్కగట్టి, 0.37ను ఆ డైల్యూషన్‌తో (ద్రావణంలో అసలు ఎంజైమ్ ఎన్నో వంతో ఆ భిన్నంతో) భాగించాలి. ఒకే డైల్యూషన్ చేసి గుణిస్తే తప్పు అంకె వస్తుంది.

బ్రాడ్‌ఫోర్డ్ చచ్చిన ప్రోటీన్‌కూ రంగు చూపిస్తుంది. ప్రతి దశలోనూ పరిమాణం × ఎఫ్‌పీయూ పట్టిక రాయండి, అవక్షేపం, పర్మియేట్ వదలకుండా.

కల్చర్‌ట్యూబ్:
రికార్డు చూశాను, 5వ రోజు సాయంత్రం పీహెచ్ 2.9. ఎంజైమ్ బ్లాంక్ పెట్టలేదు. అమ్మోనియా పంపు బిగిస్తున్నాం. బీటా-గ్లూకోసిడేజ్ (సెల్లోబయోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్) కూడా తక్కువగానే ఉంది, అదీ పీహెచ్ వల్లేనా?

బ్రాత్‌లెక్క:
పీహెచ్ ఒక్కటే కాదు. రీసైలో అది సహజంగానే తక్కువ, పైగా చాలా భాగం కణకవచానికి అంటుకుని ఉంటుంది. సెల్లోబయోజ్ (రెండు గ్లూకోజ్‌ల చక్కెర) పేరుకుంటే దాన్ని సెల్యులోజ్ నుంచి తెంపే సెల్లోబయోహైడ్రోలేజ్‌కి అడ్డుపడుతుంది. అందుకే ఆస్పర్జిల్లస్ నైజర్ బీటా-గ్లూకోసిడేజ్‌ను విడిగా తయారుచేసి కలుపుతారు. స్టాక్‌ను పీడీఏ (బంగాళదుంప-డెక్స్ట్రోజ్ అగర్) మీద పదేపదే మార్చకుండా గ్లిసరాల్‌లో మైనస్ 80 దగ్గర పెట్టండి. ఎక్కువ ఎంజైమ్ ఇచ్చే మ్యూటెంట్లు మార్పిడుల్లో ఆ గుణం కోల్పోతాయి.