అమిగా 500లో 68030 బోర్డు పెడితే తెర నల్లగానే ఉంటోంది, పవర్ లైట్ మసగ్గా ఉంది

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను జర్మనీలో ఉంటాను, ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక అమిగా 500 (1980ల నాటి హోమ్ కంప్యూటర్) దొరికింది. పాల్ (యూరప్ టీవీ పద్ధతి) మోడల్, 6ఏ రివిజన్ బోర్డు, కిక్‌స్టార్ట్ (ఆన్ చేయగానే నడిచే, చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) 1.3. దీనికోసం అందరికీ అందుబాటులో ఉన్న ఒక డిజైన్ తీసుకుని 68030 యాక్సిలరేటర్ బోర్డు (వేగం పెంచే కొత్త ప్రాసెసర్ ఉన్న బోర్డు) మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని చేత్తో సోల్డర్ చేశాను. పాత 68000 ప్రాసెసర్ తీసి ఆ సాకెట్‌లో దీన్ని పెట్టి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, పవర్ లైట్ మసగ్గా వెలిగి అలాగే ఆగిపోతోంది. పాత చిప్ తిరిగి పెడితే అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. 68030 పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది, ఇంకోటి కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి బ్రదర్. మీరు చెప్పిన మసక లైటే పెద్ద ఆధారం. ఈ మెషీన్‌లో పవర్ లైట్ కాంతిని సీఐఏ చిప్ (పోర్టులు, టైమర్లు చూసుకునే చిప్) నడిపిస్తుంది, కిక్‌స్టార్ట్ లేచి ఆ చిప్‌కి రాస్తేనే లైట్ నిండుగా వెలుగుతుంది. అంటే మీ ప్రాసెసర్ సీఐఏ దగ్గరికి వెళ్లి అక్కడే ఇరుక్కుపోయి ఉండొచ్చు.

ఎందుకంటే సీఐఏలు 68000 కంటే ముందటి 6800 ప్రాసెసర్ కాలం పద్ధతిలో మాట్లాడే చిప్‌లు, వాటికి ఈ-క్లాక్ అనే నెమ్మది క్లాక్ సంకేతం కావాలి. 68000 దాన్ని తనలోనే తయారుచేసి 20వ పిన్ను మీద ఇస్తుంది: అసలు క్లాక్‌లో పదో వంతు, ఆరు సైకిళ్లు కింద, నాలుగు సైకిళ్లు పైన, పాల్ మెషీన్‌లో సుమారు 709 కిలోహెర్ట్జ్. 68030కి ఆ పిన్నే లేదు, ఆ పాత పద్ధతికి కావలసిన వీఎంఏ, వీపీఏ అనే పిన్నులు కూడా లేవు, కాబట్టి మీ బోర్డులోని సీపీఎల్‌డీయే (మనం ప్రోగ్రామ్ చేసుకునే లాజిక్ చిప్) ఆ పని చేయాలి. బోర్డు మీద వేసే రామ్ (మెమరీ) సంగతి తర్వాత, ముందు ఇది చూడండి.

ముందుగా ఆన్‌లో ఉండగా 68000 సాకెట్ 14, 16 పిన్నుల మధ్య వోల్టేజి కొలవండి, 4.75 వోల్టులకి తగ్గకూడదు. ఆ తర్వాత పిన్నుల మీద సంకేతాలు చూపించే చవక లాజిక్ ఎనలైజర్ ఉంటే (5 వోల్టులు తట్టుకునేదో కాదో చూసుకోండి) 20వ పిన్ను మీద క్లాక్ కొడుతోందో లేదో, 6వ పిన్ను ఏఎస్ (ప్రాసెసర్ ఏదో చిప్‌ని పిలుస్తోందని చెప్పే సంకేతం) కిందికి దిగి అలాగే ఉండిపోయిందో చూడండి.

ఇంకోటి, సాకెట్‌లోకి దింపడానికి మామూలు చదరపు పిన్నులు వాడారా? అయితే వెంటనే మార్చండి, అవి సాకెట్ రేకుల్ని విడదీసేస్తాయి, తర్వాత అసలు 68000 కూడా సరిగా అతుక్కోదు. సన్నటి గుండ్రటి పిన్నులే వాడాలి. ఈ తప్పు నేనూ చేశాను, సాకెట్ మొత్తం పీకి కొత్తది వేయాల్సి వచ్చింది.

ప్రశ్న: పిన్నులు గుండ్రటివే అన్నా. వోల్టేజి 4.96 ఉంది. 20వ పిన్ను మాత్రం ఎప్పుడూ కిందే, కదలడమే లేదు! ఏఎస్ కూడా మీరన్నట్టే దిగి అక్కడే ఉంది. సీపీఎల్‌డీ ప్రోగ్రామింగ్ అయితే సరిగ్గానే అయిందని వచ్చింది.

జవాబు: ప్రోగ్రామింగ్ అయిందంటే చిప్ బతికే ఉంది. ఇక అనుమానించాల్సింది దాని కాలు (లోహపు పిన్ను) బోర్డుకి సరిగ్గా అతికిందా లేదా అన్నదే. మల్టీమీటర్ బజర్ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ 20వ పిన్ను మీద, రెండోది సీపీఎల్‌డీలో ఆ క్లాక్ పంపే కాలు మీద పెట్టండి. ప్యాడ్ (కాలు అతికించే బోర్డు మీది లోహపు చోటు) మీద కాదు, కాలు పైభాగం మీద, అదీ మెల్లగా తాకించాలి. గట్టిగా నొక్కితే విడిపోయిన కాలు కూడా ప్యాడ్‌కి ఆని మోగుతుంది, మీరు బాగుందనుకుంటారు.

ప్రశ్న: దొరికింది అన్నా! మెల్లగా తాకిస్తే మోగలేదు, నొక్కితే మోగింది. భూతద్దంలో చూస్తే కాలు కింద వెంట్రుకంత సందు ఉంది, టంకం ప్యాడ్ మీదే గడ్డకట్టి కాలిని అంటుకోలేదు. టంకం బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ రాసి సోల్డరింగ్ ఐరన్ ఒక్క క్షణం ఆనించాను. లైట్ నిండుగా వెలిగింది, ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి బొమ్మ వచ్చింది, డ్రైవ్ టిక్కుటిక్కుమంటోంది. ఇప్పుడు రామ్ చిప్‌లు వేసేయనా?

జవాబు: శుభం! ఈ రాత్రికి వద్దు. ఒక గంట ఇలాగే నడవనివ్వండి, రెండు మూడు డిస్కులు లోడ్ చేయండి. సీపీఎల్‌డీ మిగతా కాళ్లన్నీ అదే మెల్లటి తాకుడుతో చెక్ చేయండి, ఒకటి విడిచిందంటే పక్కవాటి మీదా అనుమానమే. ఆ తర్వాత రామ్ వేసి, ఆన్ చేయగానే అదనపు మెమరీ కనిపిస్తోందో లేదో ఇక్కడే చెప్పండి.