ఉబ్బినవి నాలుగే, సీజ్ చేసింది రెండు పెట్టెలు. ఇదేం న్యాయం?

జ్యూస్ రాజు: మాది చిన్న జ్యూస్ షాపు. పోయిన వారం ఫుడ్ సేఫ్టీ వాళ్లొచ్చి పైనాపిల్ ముక్కల డబ్బాలు రెండు పెట్టెలు సీజ్ చేసి పట్టుకుపోయారు. ఉబ్బినవి నాలుగంటే నాలుగే, మూత నొక్కితే టక్కుమని లోపలికెళ్లి వేలు తీయగానే మళ్లీ లేస్తుంది. మిగతావి శుభ్రంగా ఉన్నాయి, ఎక్స్‌పైరీకి ఇంకా ఏడు నెలలుంది. బాగున్నవి వదిలేయొచ్చుగా?

ల్యాబ్ మూర్తి: వదలరు రాజు గారూ. 2006 ఫుడ్ సేఫ్టీ చట్టం 26వ సెక్షన్‌లోనే ఉంది, బ్యాచ్‌లో కొంత సరుకు చెడ్డదని తేలితే, మిగతాది బాగుందని పరీక్షలో తేలేదాకా బ్యాచంతా చెడ్డదనే లెక్క.

కడప కుర్రోడు: పుల్లటి పండులో బొట్యులిజం, అదే ప్రాణాలు తీసే ఆ విషం పుట్టించే క్రిమి, పెరగదు. పులుపు కొలిచే పీహెచ్ 4.6 కంటే తక్కువుంటుంది, అంత పులుపులో అది బతికి పెరగలేదు. ఊరికే భయపెట్టకండి.

ల్యాబ్ మూర్తి: బొట్యులిజం అని నేనెప్పుడన్నాను? పులుపు డబ్బా లోపలి తగరాన్ని తినేసినా హైడ్రోజన్ పుట్టి ఉబ్బుతుంది, ఈస్టు పెరిగినా ఉబ్బుతుంది, డబ్బా అతుకు (సీము) లీకైతే లోపల ఏం దూరిందో ఎవడికి తెలుసు. బయట్నుంచి చూసి చెప్పేయగలిగితే మా ల్యాబులెందుకు?

కడప కుర్రోడు: అయితే 4.6 ఒప్పుకున్నట్టేగా.

విజయ: రాజు గారూ, ఉబ్బాయని మీకు ముందే తెలుసా? తెలిసీ షాపులో ఉంచారా? మా పిల్లలు తాగేది ఆ జ్యూసులే.

జ్యూస్ రాజు: పక్కన పెట్టానమ్మా, ఎవరికీ పోయలేదు! డిస్ట్రిబ్యూటర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశా, వాపసు తీసుకోనన్నాడు. పారేస్తే డబ్బులు నువ్విస్తావా మూర్తీ? నెల తిరిగేసరికి జీతం పడేవాళ్లకి సెక్షన్లు చెప్పడం తేలికే. డబ్బా చేసినోడు బాగున్నాడు, తెచ్చి వేసినోడు బాగున్నాడు, దొరికింది నేను.

ల్యాబ్ మూర్తి: నా జీతం సంగతెందుకు. బిల్లుందా?

జ్యూస్ రాజు: చీటీ మీద రాసిచ్చాడు. బిల్లడిగితే సరుకే వెయ్యడు, మా వీధిలో అందరికీ అంతే.

ల్యాబ్ మూర్తి: అదీ సంగతి. ఎవరి దగ్గర కొన్నావో చూపించలేకపోతే 27వ సెక్షన్ కింద అమ్మినవాడి మెడకే చుట్టుకుంటుంది. ఇంతసేపూ బాగున్న డబ్బాలు, బాగున్న డబ్బాలు అన్నావ్.

విజయ: మరి బిల్లివ్వని వాడి గోడౌన్‌కి వీళ్లెందుకు పోలేదు?

ల్యాబ్ మూర్తి: శాంపిల్ నాలుగు భాగాలు చేస్తారు, అందులో ఒకటి గుర్తింపున్న వేరే ల్యాబుకి పంపమని అడిగే హక్కు నీకుంది. అడిగావా?

జ్యూస్ రాజు: పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టా. చదువుకునే టైమిచ్చారా ఏంటి.

కడప కుర్రోడు: 4.6 గురించి ఎవరూ మాట్లాడరేం?