ఉగాది రిజిస్ట్రేషన్: ఎడిసన్ (న్యూజెర్సీ) వాళ్లవి ఎందుకు పడట్లేదు?

లావణ్య: అందరికీ నమస్కారం. క్యాటరింగ్ వాళ్లకు రేపు సాయంత్రం 6 లోపు భోజనాల లెక్క చెప్పాలి. ఈ రాత్రికి తేలాల్సినవి: మామిడి తోరణాలు ఎవరు తెస్తున్నారు, పచ్చడికి వేపపువ్వు దొరికిందా, పార్కింగ్‌కు ఇంకో నలుగురు. వీటికంటే ముందు, ఫారంలో ఇప్పటికి 23 కుటుంబాలే ఉన్నాయి. పోయినేడు ఈపాటికి 150 దాటాం. టెన్షన్‌గా ఉంది.

శ్రీకాంత్: ఫారం బాగానే ఉంది. ఇప్పుడే పెన్సిల్వేనియాలో మా ఎక్స్‌టన్ నుంచి చేశాను, మెయిల్ కూడా వచ్చింది.

సుజాత: మాకు అవట్లేదు. మా వీధిలోనే ముగ్గురు ఫోన్ చేశారు.

శ్రీకాంత్: కాస్త చూసుకుని టైప్ చేయమనండి అక్కా.

సుజాత: ఆ మాట బాగాలేదు. మా అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అంకె పైకి చదువుకుంటూ ఐదుసార్లు కొట్టారు. 0, 8, 8, 2, 0. ఐదుసార్లూ కింద ఎర్రగా "సరైన జిప్ కోడ్ ఇవ్వండి" అనే వచ్చింది. "నాకే చేతకావట్లేదేమోనమ్మా" అని ట్యాబ్ పక్కన పెట్టేశారు. మన ఫారం పెద్దావిడతో ఆ మాట అనిపించింది.

ప్రసాద్: ఒక్క నిమిషం ఆగండి ఇద్దరూ. వచ్చిన 23 చూశాను. అన్ని జిప్‌లూ 1తో మొదలయ్యేవే, పెన్సిల్వేనియా, న్యూయార్క్. న్యూజెర్సీది ఒక్కటీ లేదు. మన దగ్గర అన్నీ 07, 08 కదా. ఫారం జిప్‌ను సంఖ్యగా తీసుకుంటోంది, దాంతో ముందున్న సున్నా పోయి 08820 కాస్తా 8820 అవుతోంది. ఆ వెంటనే ఐదంకెలు ఉన్నాయా అని చూసి వెనక్కి కొడుతోంది. ఎడిసన్, ఐస్లిన్ వాళ్లు ఎన్నిసార్లు కొట్టినా అంతే.

శ్రీకాంత్: అక్కా, తప్పు నాదే. ఆ చెక్ పోయిన వారం నేనే పెట్టాను, మా 19341తోనే టెస్ట్ చేశాను. ఇప్పుడు జిప్‌ను టెక్స్ట్‌గా మార్చాను. షీట్‌లోనూ ఆ కాలమ్ ప్లెయిన్ టెక్స్ట్ చేశాను, లేకపోతే అక్కడ మళ్లీ సున్నా ఎగిరిపోతుంది. ఒకసారి చూస్తారా?

సుజాత: వెళ్లింది. మెయిలూ వచ్చింది. నేనూ కాస్త గట్టిగానే అన్నాలే తమ్ముడూ.

లావణ్య: మరి ఇన్నాళ్లూ తిరిగి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?

ప్రసాద్: లేవు. చెక్ దాటితేనే షీట్‌లో పడతాయి. ఎవరు ప్రయత్నించారో తెలిసే దారి లేదు.

లావణ్య: అయితే ఫోన్లే. పోయినేటి లిస్టులో మొదటి 50 నావి. పెద్దలెందరు, పిల్లలెందరు అని ఫోన్‌లోనే అడిగి రాసేసుకుందాం. మళ్లీ ఫారం నింపమని ఎవరికీ చెప్పొద్దు.

సుజాత: తర్వాతి 50 నేను చేస్తా.

వెంకట్: రేపు నాకు సెలవే. పొద్దున 10 నుంచి ఓక్ ట్రీ రోడ్డులో కిరాణా షాపు ముందు నోట్‌బుక్‌తో కూర్చుంటా. ఓనర్‌ను అడిగాను, కుర్చీ కూడా ఇస్తానన్నారు.

శ్రీకాంత్: మిగతా నంబర్లన్నీ నాకు పంపండి. అక్కా, ముందు అత్తయ్యగారితో మాట్లాడతాను. పడుకున్నారా?

సుజాత: లేదు, ఇక్కడే ఉన్నారు. చెయ్యి.