రాణుల జత వస్తే మొదటే ఎంత పెంచాలి?

మాది కావలి. పండక్కి బావలు, బావమరుదులు చేరితే పోకర్ టోర్నమెంట్ పెట్టుకుంటాం. డబ్బుల్లేవు, ఉత్త చిప్సే (పందెం బిళ్లలు). గెలిచినవాళ్లకి మిగతావాళ్లు చేపల పులుసు పెట్టించాలి, అంతే.

చిక్కల్లా మా దగ్గర ఎవరూ ఫోల్డ్ చెయ్యరు, అంటే ముక్కలు పడేసి తప్పుకోరు. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) 200, 400 ఉండగా నాకు ఇస్పేటు రాణి, ఆటీను రాణి వచ్చాయి. నా దగ్గర 8,000 చిప్స్, అంటే 20 బిగ్ బ్లైండ్స్. 1,000కి రెయిజ్ చేస్తే, అంటే పందెం పెంచితే, నలుగురు కాల్ చేశారు, అంతే కట్టి ఆటలో ఉన్నారు. ఫ్లాప్‌లో (అందరికీ కలిపి బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆసు పడింది, ఒంగోలు బావ ఆలిన్ అన్నాడు, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశాడు. ఆయన ఏ ముక్కలతోనైనా అంటాడు, అది వేరే సంగతి. నేను వదిలేశాను.

రాణుల జత పట్టుకుంటే ఫ్లాప్‌లో ఆసో రాజో పడే అవకాశం 41 శాతం. ఆసుల జతే ఒక్కరి మీద 85 శాతం గెలుస్తుంది గానీ, ఏవో ముక్కలతో నలుగురు చివరిదాకా ఉంటే 56కి దిగుతుంది. మరి ఇలాంటి ఆటలో మొదటే 2,000 దాకా పెంచాలా, నేరుగా ఆలినా? ఆలిన్ అంటే చిన్న జతలు తప్పుకుని మనల్ని కొట్టేవే మిగులుతాయని మా తమ్ముడి వాదన. చిప్స్ అయిపోతే మళ్లీ తీసుకునే వీల్లేదు. ఆసు, రాజు వచ్చినా ఇదే లెక్కా? టోర్నమెంట్లు ఆడినవాళ్లు కాస్త చెప్పండి.