పాపని 400 మీటర్ల హర్డిల్స్‌లో వేయొచ్చా?

పెరంబూర్ అమ్మ:
మేం చెన్నైలో ఉంటాం. మా పాపకి 13 ఏళ్లు, 400 బాగా పరిగెడుతుంది. కోచ్ గారు హర్డిల్స్‌కి (అడ్డుకట్టల మీదుగా దూకుతూ పరిగెత్తే పందెం) మారమంటున్నారు, పి.టి.ఉష గారిని చూడండి అంటారు. ఆవిడకి పతకం చేజారింది కదా, ఆ తర్వాత ఏం చేశారు? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అమ్మా, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో ఉష గారిది 55.42 సెకన్లు, కాంస్యం గెలిచినామెది 55.41. సెకనులో వందో వంతు! ఇప్పటికీ తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. కానీ ఆవిడ ఆగలేదు, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో 4 స్వర్ణాలు తెచ్చారు, 2002లో కేరళలో సొంత అథ్లెటిక్స్ స్కూల్ పెట్టి పిల్లల్ని తయారు చేయడం మొదలుపెట్టారు. ఆవిడ శిష్యురాలు టింటు లూకా 2010లో 800 మీటర్లు 1:59.17లో పరిగెత్తి జాతీయ రికార్డు రాసింది, రెండు ఒలింపిక్స్‌కీ వెళ్లింది. నా దృష్టిలో ఇది ఆ పతకానికి ఏమాత్రం తక్కువ కాదు.

జవాబు 2:
నేను కాలేజీలో హర్డిల్స్ పరిగెత్తాను. మొదటి హర్డిల్‌కి 45 మీటర్లు, తర్వాత ప్రతి 35 మీటర్లకి ఒకటి, మొత్తం పది. అడుగుల లెక్క తప్పితే అక్కడే వేగం పోతుంది, అందుకే కుడి, ఎడమ ఏ కాలు ముందు వేసైనా దూకడం ఇప్పుడే అలవాటు చేయించండి. ఎత్తు మెల్లగా పెంచమని అడగండి.

జవాబు 3:
ఉష గారి 55.42ని 39 ఏళ్ల తర్వాత, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సమం చేసింది మన తమిళనాడు అమ్మాయే, విత్యా రాంరాజ్. పాపకి ఆ పరుగు చూపించండి.

పెరంబూర్ అమ్మ:
అందరికీ థాంక్సండీ. సోమవారం నుంచి పంపిస్తున్నాను.