నీ ఈటెతో నీ డాలును... ఆ క్రియ ఏది?

పదపిపాసి: చైనా విద్యార్థుల కోసం ‘కాన్‌ఫ్లిక్ట్’ అనే ఇంగ్లీషు మాట మీద ఒక పాఠం తయారవుతోంది. ప్రాచీన చైనా తాత్వికుడు హాన్ ఫెయ్ చెప్పిన కథ లేకుండా అది మొదలుకాదు. ఈటెలూ డాళ్లూ అమ్ముతూ రెంటి గురించీ డాబులు కొట్టే చూ దేశస్థుణ్ణి, నీ ఈటెను నీ డాలు మీదే ప్రయోగిస్తే ఏమవుతుందని నిలదీసిన ప్రశ్నలో ఒక్క అక్షరం తేలడం లేదు. ‘యీ త్స చ మావ్, కుంగ్ త్స చ తున్’ అని నోటికి వస్తోంది. మూలంలో ‘కుంగ్’ కాదనీ అనుమానం. ఎవరికైనా కచ్చితంగా గుర్తుందా?

ఈటెమొన: మూలంలో ‘షియన్’. కథ రెండు అధ్యాయాల్లో వస్తుంది. మొదటి చోట పురాతన ఆదర్శ రాజులు యావ్, షున్ ఇద్దరినీ ఒకేసారి పొగడడం కుదరదని చెప్పడానికి వాడాడు. ‘నా డాలును ఏదీ ఛేదించలేదు’, ‘నా ఈటె ఛేదించనిది లేదు’ అన్న రెండు డాబుల్లోనూ ఇదే ‘షియన్’. ప్రశ్నలోనూ అదే రావాలి, లేకపోతే వాదం బిగియదు. ‘కుంగ్’ ఉన్నది తర్వాతి కాలంలో సామెతగా స్థిరపడిన రూపం.

పదపిపాసి: అయితే పాఠానికి ఆ తేడాయే ప్రాణం. ‘కుంగ్’ అంటే దాడి. దాడి అయితే కాన్‌ఫ్లిక్ట్. ‘షియన్’ అంటే ఛేదించడం. ఛేదించగలగడం, ఛేదించలేకపోవడం రెండూ నిజమైతే అది కాంట్రడిక్షన్. ఈటె, డాలు కలిసి పుట్టిన ‘మావ్‌తున్’ అనే మాట ఈ రెంటినీ మోస్తోంది. విద్యార్థి తికమకంతా అక్కడే.

గురులఘువు: సిద్ధాంతం ముచ్చటగా ఉంది కానీ నిలవదు. ‘కుంగ్’ ఉన్న సామెతకు నేటి అర్థం పోట్లాట కాదు, ఎదుటివాడి మాటతోనే వాణ్ణి కట్టిపడేయడం. అది తర్కమే. మన ‘వాడి వేలితో వాడి కన్నే పొడవడం’ దీనికి దగ్గర.

ఈటెమొన: దగ్గర కాదండీ. వేలూ కన్నూ సామెతలో ఒకడి మనిషినే వాడి మీదికి ఉసిగొల్పడం ఉంది, మాటల పొంతన ప్రశ్నే లేదు. ఈటె, డాలు ‘ఒకే లోకంలో నిలవలేవు’ అని హాన్ ఫెయ్ తేల్చాడు. వేలూ కన్నూ ఒకే ఒంట్లో హాయిగా ఉంటాయి.

నల్లబల్ల: అక్షరం సంగతి అలా ఉంచి, విద్యార్థుల కాగితాల్లో వచ్చే తప్పులు చూద్దాం. నిఘంటువులో ‘మావ్‌తున్’ ఎదురుగా ‘కాంట్రడిక్షన్’ ముందు కనిపిస్తుంది. దాంతో గదిలో తోటి విద్యార్థితో పడకపోతే ‘నాకూ అతనికీ మధ్య కాంట్రడిక్షన్ ఉంది’ అని రాస్తారు. అక్కడ కాన్‌ఫ్లిక్ట్ కావాలి. మాటామాటా అనుకున్నంత మాత్రానికి అదీ బరువే, ఆర్గ్యుమెంట్ చాలు. చైనా భాషలో ‘వొ హెన్ మావ్‌తున్’ అంటే ‘ఎటూ తేల్చుకోలేకపోతున్నాను’ అని. దాన్ని ‘అయామ్ వెరీ కాంట్రడిక్టరీ’ అని దించేస్తారు. ఇంగ్లీషువాడికి అది ‘నేను పొంతన లేని మాటలాడే మనిషిని’ అని వినిపిస్తుంది. అక్కడ ‘టార్న్’ గానీ ‘కన్‌ఫ్లిక్టెడ్’ గానీ రావాలి.

కాన్‌ఫ్లిక్ట్‌కు చైనా భాషలో ఉన్న రెండో మాట ‘ఛుంగ్‌థూ’తో చిక్కు వేరు. ‘ఫా షెంగ్ ఛుంగ్‌థూ’లో ‘జరుగు’ అనే క్రియ ముందుంటుంది, అందుకే ‘హాపెన్డ్ ఎ కాన్‌ఫ్లిక్ట్’ పుడుతుంది. కాన్‌ఫ్లిక్ట్ కర్తగా ముందుకు రావాలి, వెనక ‘అరోజ్’ గానీ ‘బ్రోక్ అవుట్’ గానీ. క్రియగా వాడి, దేనితో అన్నది కూడా చెప్పాలంటే ‘విత్’ తప్పదు. పైగా మామూలుగా కర్త మనిషి కాదు. రెండు సాక్ష్యాలు, రెండు సమావేశాల వేళలు కన్‌ఫ్లిక్ట్ అవుతాయి. ఉద్యోగీ పై అధికారీ ఢీకొంటే ‘క్లాష్’.

అజంతం: పలుకుబడి వదిలేశారు. నామవాచకానికి ఊనిక మొదటి అక్షరం మీద: ‘కాన్’. క్రియకు రెండో దాని మీద, అప్పుడు ముందుది ‘కన్’ అని నీరసిస్తుంది. చైనావాళ్లకు ఊనికను స్వరంగా (టోన్‌గా) మార్చి చెబితే పట్టుబడుతుంది. నామవాచకాన్ని తండ్రిని పిలిచే ‘పాప’ లాగా చెప్పించాలి: మొదటి అక్షరం పై నుంచి కిందికి పడే నాలుగో స్వరం, రెండోది పొట్టి తటస్థ స్వరం. క్రియకు ఈ కిటుకు పారదు, ఎందుకంటే ఆ భాషలో తటస్థ స్వరంతో మాట మొదలుకాదు.

చివరి ‘క్ట్’ ఇంకో గండం. మాండరిన్ అక్షరం చివర నకారం, ఙకారం, రకారం తప్ప హల్లు నిలవదు. అందుకే ‘కాన్‌ఫులిక’ అని తోక తెగిపోతుంది, లేదా అచ్చు తగిలించుకుంటుంది. మనదీ అజంత భాషే కదా, ‘కాన్‌ఫ్లిక్టు’ అంటాం. ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్’ను ‘కాన్‌ఫ్లిక్-టవ్-ఇంట్రెస్ట్’ అని విడగొట్టి పలికిస్తే టకారం పక్క అచ్చును పట్టుకుని బతుకుతుంది. వాళ్ల ‘లీ యీ ఛుంగ్‌థూ’లో ‘ఇంట్రెస్ట్’ ముందుండే వరస చూసి ‘ఇంట్రెస్ట్ కాన్‌ఫ్లిక్ట్’ అని తిరగేసే అలవాటూ ఈ సాధనతోనే పోతుంది.

గురులఘువు: ‘మావ్‌తున్’ తెలుగులోకి ఎలా వచ్చిందో మరవకూడదు. మావో 1937లో రాసిన వ్యాసం పేరులో ఉన్నది ఈ మాటే. మనకు అది ‘వైరుధ్యం’ అయింది. 1957 ప్రసంగం ఆధారంగా మిత్రవైరుధ్యం, శత్రువైరుధ్యం అని మన వామపక్ష రచనల్లో విడదీశారు. మిత్రవైరుధ్యం అన్నప్పుడు తర్కదోషం గుర్తుకే రాదు. తెలుగువాడికి ఇది వెంటనే అందుతుంది, ఇంగ్లీషు ‘కాంట్రడిక్షన్’కు ఆ చనువు లేదు.

నల్లబల్ల: శ్రీశ్రీ మాత్రం వైరుధ్యం జోలికి పోలేదు. ‘పరస్పర సంఘర్షించిన శక్తులలో చరిత్ర పుట్టెను’ అన్నాడు. కాన్‌ఫ్లిక్ట్ లాటిన్ మూలం కలిసి కొట్టుకోవడం. ‘ఛుంగ్‌థూ’లోని ‘థూ’ రాతలో బిలం కింద కుక్క ఉంటుంది, దూసుకురావడమని భావం. మన ఘర్షణలో ఉన్నది రాపిడి. రాపిడిలో నిప్పు పుడుతుంది, అందుకే చరిత్ర ‘పుట్టెను’.

గురులఘువు: ‘పరస్పర’ కాదండీ, ‘పరస్పరం’. లెక్కపెట్టండి. పరస్పరం ఆరు మాత్రలు, సంఘర్షించిన ఎనిమిది. శక్తులలో ఆరు, చరిత్ర పుట్టెను ఎనిమిది. సున్న తీసేస్తే మొదటి సగం పదమూడుకు పడిపోయి పాదం కుంటుతుంది.

నల్లబల్ల: సమాసం చేసి ‘పరస్పర’ అని చదివేవాళ్లు చాలామంది. వేదిక మీద ఆ రకారాన్ని సాగదీస్తే లోటు తెలియదు.

గురులఘువు: సాగదీయాల్సి వచ్చిందంటేనే అక్కడేదో పోయిందన్నమాట. ‘సంఘర్షించిన’ క్రియాజన్య విశేషణం, దాని ముందు ‘పరస్పరం’ క్రియావిశేషణంగా కూర్చుంటుంది. వ్యాకరణమూ సున్న వైపే.

పదపిపాసి: సున్న ఒప్పుకుంటున్నాను. నా ఈటె సంగతి? ‘షియన్’కు తెలుగు ఏది పెట్టాలి? ‘ఛేదించు’ పుస్తకాల మాట, ‘పొడుచు’ అంటే మళ్లీ ‘కుంగ్’ అయిపోతుంది.

ఈటెమొన: ‘షియన్’ అసలు భావం కూరుకుపోవడం. పొంచి తవ్విన గుంత పేరులోనూ అదే అక్షరం. తెలుగులో ఈటె ‘దిగుతుంది’. ‘నీ ఈటె నీ డాలులో దిగుతుందా?’ అంటే సరి.

అజంతం: మూలంలో మనిషి చేతిలో ఈటె ఉంది, ‘యీ’ అంటే ‘తో’. ‘నీ ఈటెతో’ అని మొదలుపెట్టి ‘దిగుతుందా’ అంటే కర్త ఎగిరిపోయింది. ‘దింపితే’ అనాలి.

ఈటెమొన: డాలులో దింపితే అంటే దిగినట్టే ఒప్పుకున్నాం కదా, ఇక వాడు జవాబివ్వలేకపోవడానికి ఏముంది? ‘దింపబోతే’?

గురులఘువు: ‘దింపజూస్తే’.